దగ్గు రాని సుంకమ్మ

అనగా అనగా, రాళ్ళింకా మెత్తగా ఉండి, మనుషుల నోళ్ళు మాత్రం ఇప్పటంత గట్టిగానే ఉన్న కాలంలో, ఒక వంక ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊరి బట్టలన్నీ ఉతికే చాకలామె సుంకమ్మ. మొగుడు లేడు, పిల్లల్లేరు. ఉన్నది ఒక బండ, ఒక బాన, ఒక మాట.

ఆ మాటేమిటంటే, "రేవులో చూసింది రేవులోనే."

చాకలామెకి తెలియని గుట్టుంటుందా? ఏ ఆలుమగలు వేరువేరు దుప్పట్లు కప్పుకుంటున్నారో, ఏ పెద్దమనిషి పక్క తడుపుతున్నాడో, ఏ కోడలి రవిక వీపున చిరిగిందో, అన్నీ మూటలోనే ఉంటాయి. సుంకమ్మ చూసేది, ఉతికేది, ఆరేసేది. చెప్పేది కాదు.

ఒకనాడు మూట విప్పితే ఒక కోక కొంగు నిండా నెత్తురు. దగ్గి తుడుచుకున్న నెత్తురు.

కోక ఎవరిదో సుంకమ్మకు తెలుసు. ఆ కోక కట్టే ఆమె పసిపిల్లల్ని చూసే మనిషి. తల్లులు కలుపు తీయబోతే బిడ్డలు ఆమె ఒళ్ళోనే ఉండేవాళ్ళు. అప్పట్లో ముద్దను తమ నోట్లో నమిలి, మెత్తబరిచి, బిడ్డ నోట్లో పెట్టడం ఆడవాళ్ళకు అలవాటు. ఆమె పేరు అడక్కండి. పిల్లల్ని చూసేవాళ్ళు ఊళ్ళో ముగ్గురుండేవాళ్ళు. ఈ కథను మోసుకొచ్చింది వంక. వంకకి చెవులుంటాయి గానీ పేర్లు గుర్తుండవు.

సుంకమ్మ మొదట ఆమె దగ్గరికే పోయింది. "అక్కా, పిల్లల జోలికి పోవద్దు."

ఆమె సుంకమ్మ కాళ్ళ మీద పడింది. "చెప్పొద్దే సుంకమ్మా! తెలిస్తే కడవా గొంగడీ చేతికిచ్చి పొలిమేర దాటిస్తారు. నా కూతుర్నెవడు చేసుకుంటాడు? పిల్లల్ని చూడనంటే ఎందుకని అడుగుతారు. ఏం చెప్పేది?"

"రేవులో చూసింది రేవులోనే," అంది సుంకమ్మ. మాటైతే ఇచ్చేసింది. మరి పిల్లలో?

తల్లుల దగ్గరికి పోయింది. "ముద్ద నమిలి పెట్టకండే, పసినోళ్ళకు జబ్బులొస్తాయి."

వాళ్ళు పకపకా నవ్వారు. "మా అమ్మ నమిలి పెడితేనే నేనింతైనా. కననిదానివి, నీకేం తెలుసే పెంపకం?"

ఆ మాట బండకేసి బాదినట్టు తగిలింది. తుడుచుకుని ఊరి పెద్దరెడ్డి దగ్గరికి పోయింది.

"ఊళ్ళో దగ్గుజబ్బుంది రెడ్డీ. నమిలిన ముద్ద బిడ్డలకు పెట్టొద్దని చాటింపు వేయించు."

"ఎవరికే?"

"చెప్పను."

"ఎవరికో చెప్పు."

"చెప్పను."

"గాలికి చాటింపు వేయించమంటావా? పేరు చెప్పు, లేకుంటే నీ రేవుకు నువ్వు పో."

అరుగు మీద రెడ్డి మనవడు బోసినోరు తెరిచి నవ్వాడు.

"నాకే," అంది సుంకమ్మ.

రెడ్డి ఎగిరి వెనక్కి పడ్డాడు. అంతసేపూ నిజాన్ని నమ్మనివాడు అబద్ధాన్ని చటుక్కున నమ్మాడు. అబద్ధానికి ఊళ్ళో అంత పరపతి! చాటింపు పడింది. కడవిచ్చారు, గొంగడిచ్చారు, వంక దాటించారు.

అవతలి ఒడ్డు నుంచి ఆమె కేకేసింది. "ముద్ద చేత్తో మెదపండి! బిడ్డల్ని ఆరుబయట ఉయ్యాలలో వేసి, పొడుగు తాడుతో దూరం నుంచి ఊపండి! ఎవరి బట్ట అని చూడకుండా అన్నీ ఒకే బానలో మరగబెట్టండి!"

చెబితే విననివాళ్ళు, భయానికి మూడూ చేశారు. బిడ్డలు బతికారు. దగ్గే ఆమె ఆ తాడు చివర కూర్చుని ఊపింది, కూతురి పెళ్ళి చేసింది, తన చాప మీద తనవాళ్ళ మధ్య కన్ను మూసింది.

మరి సుంకమ్మ? ఉతకడానికి ఆమెకు తన కోక తప్ప మరో గుడ్డ లేదు. దాన్నే ఉతికేది, ఆరేసేది, మళ్ళీ ఉతికేది. అవతల పండగ డప్పులు మోగితే ఇవతల కూర్చుని వినేది. మనిషి లేక బండతో మాట్లాడేది. బండే నయం, ఎదురు తిట్టదు.

ఏళ్ళు గడిచాయి. రెడ్డి మనవడు మీసాలొచ్చినవాడై వంక దగ్గరికొచ్చాడు.

"అవ్వా, నీకు దగ్గే లేదే! జబ్బు మనిషి ఇన్నేళ్ళు బతుకుతుందా? అదెవరి జబ్బవ్వా?"

"రేవులో చూసింది రేవులోనే."

"పోనీ, ఊళ్ళోకన్నా రా."

సుంకమ్మ కాలు నీళ్ళలో పడింది. అక్కడే ఆగింది.

"నేనొస్తే నాకు జబ్బు లేదని తేలుతుంది నాయనా. నాకు లేకపోతే ఎవరికని వెతుకుతారు. చచ్చినవాళ్ళను తవ్వుతారు, బతికున్నవాళ్ళను గెంటుతారు. మీ ఊరి సంగతి నాకు తెలీదా? మీ బట్టలుతికినదాన్ని!"

కాలు వెనక్కి తీసుకుంది. నవ్వుతూనే అంది గానీ, అతను మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.

ఆరేసిన కోక తీసేవాళ్ళు లేక పీలికలై ఎగురుతుంటే, అప్పుడు తెలిసింది ఊరికి, సుంకమ్మ లేదని.

ఇప్పటికీ ఆ వంక వారన ఊళ్ళలో, అంటుజబ్బేదో తగిలిందనుకున్నవాళ్ళు చాప వేరుగా పరుచుకుని, "సుంకమ్మ ఇంటికి పోతున్నా" అంటారు. అంతే. ఏం జబ్బని అడగరు. ఎవరంటించారని అడగరు. ఎప్పుడొస్తావని అడగరు. అన్నం గిన్నె దూరంగా పెట్టి, వెనక్కి జరిగి, ఒక్క మాటే అంటారు.

"సుంకమ్మను అడిగినానని చెప్పు."