డాక్టరమ్మ ‘మేము’

మబ్బులు ఇళ్లలోకి నడిచొచ్చే ఒక కొండలోయకు, ఎదుటివాళ్లను అడిగి తెలుసుకునే ఓపిక బొత్తిగా లేని ఇంగ్రిడ్ అనే విదేశీ డాక్టరమ్మ వచ్చింది. అక్కడి పిల్లలకు ఒక జ్వరం వస్తుండేది. తగ్గేది, మరిచిపోయేంతలో మళ్లీ వచ్చేది. దాని గుట్టు విప్పాలని ఆమె సముద్రాలు దాటింది. తెలుగు కూడా నేర్చుకుని ముద్దుముద్దుగా మాట్లాడేది.

"మేము రక్తం తీసుకుంటాం. మేము పరీక్షిస్తాం. మేము మందు కనిపెడతాం" అని ఇంటింటికీ తిరిగి చెప్పింది. జనం నవ్వుతూ చేతులు చాపారు. రక్తం సీసాల్లో విదేశం వెళ్లిపోయింది. ఏడాది గడిచినా ఒక్క కబురూ తిరిగి రాలేదు.

మరుసటి వానాకాలం ఆమె వచ్చేసరికి తలుపులన్నీ మూసి ఉన్నాయి. పొగమంచు కప్పుకుని ఊరంతా కలగంటున్నట్టుంది. బుద్రి అనే తల్లి, జ్వరంతో కాలిపోతున్న కూతుర్ని కూడా ఆమెకు చూపించలేదు.

ఇంగ్రిడ్ బిత్తరపోయింది. లోయ ఆసుపత్రిలో పనిచేసే డాక్టర్ రత్నం దగ్గరికి పరుగెత్తింది.

"నా మీద ఎందుకింత కోపం?"

"మీరు ‘మేము’ అంటారు. మా భాషలో ఆ మాట అంటే ఎదుటివాళ్లు అందులో లేనట్టే" అంది రత్నం.

"అయ్యో, వ్యాకరణం తప్పిందా! ఇకనుంచి ‘మనం’ అంటాను."

"తప్పయితే నవ్వుకుని ఊరుకునేవాళ్లం. మీరు ఉన్నమాటే అన్నారు. రక్తం మాది. ఏం వెతకాలో మాత్రం మమ్మల్ని అడగలేదు. నేనూ డాక్టర్నే కదా, నన్నూ అడగలేదు."

ఇంగ్రిడ్ ముఖం చిన్నబోయింది. సిగ్గుతో కళ్లు చెమర్చాయి. రత్నాన్ని వెంటబెట్టుకుని బుద్రి ఇంటికి వెళ్లి, మబ్బులో తడుస్తూ వాకిట్లోనే నిలబడింది.

"అమ్మా, ఈ జ్వరం గురించి నువ్వేం తెలుసుకోవాలనుకుంటున్నావు?"

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది.

"తగ్గిపోయిన జొరం మల్లీ ఎందుకొస్తంది? అదొక్కటి సెప్పండి. పిల్ల ఇంకోపాలి తట్టుకోలేదు" అంది బుద్రి ఏడుస్తూ.

రత్నం ఆ పిల్లను ఆసుపత్రికి ఎత్తుకెళ్లి గండం గట్టెక్కించింది. బుద్రి అడిగిన ప్రశ్నతోనే కొత్త పరిశోధన మొదలైంది. ఈసారి పరీక్షలు లోయలోనే జరిగాయి. రత్నం ముందుండి నడిపింది, ఇంగ్రిడ్ యంత్రాలు తెప్పించింది. తేలిన ప్రతి సంగతినీ తల్లులకు చెప్పి, వాళ్ల సందేహాలు విన్నారు. చివరికి ఆ జ్వరం ఒంట్లోనే దాక్కుని నిద్రపోతోందని తెలిసింది. తగ్గిన తర్వాత కూడా మందు ఆపకూడదని తేలింది. ఆ సంగతి లోకానికి చాటిన వ్యాసంలో మొదటి పేరు రత్నానిది.

తర్వాతి వానల్లో బుద్రి కూతురు మబ్బులను తరుముతూ ఆడుకుంది. ఎంత పిలిచినా ఇంట్లోకి రాలేదు.

నీతి: ఎవరి బాధ మీద పరిశోధన సాగుతుందో, ప్రశ్నలోనూ ఫలంలోనూ వారికి సమానమైన వాటా ఉండాలి.