మకరందుడు పారబోసిన అంబలి

పూర్వం కుంతలగిరి రాజ్యాన్ని ఒక రాజుగారు ఏలుతుండేవారు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఒక ఏడాది ఏమైందంటే, కోతకొచ్చిన వరి వెన్నుల్లో గింజన్నదే లేదు. అంతా పొల్లే! ఏడు సముద్రాల అవతలున్న ధూమ్రకుడనే మాంత్రికుడు గింజల్లోని పాలన్నీ పీల్చేశాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. దాని అంతు చూస్తానని పెద్దవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఇక మూడోవాడు మకరందుడు గుర్రమెక్కాడు.

దారిలో దాహమేసి ఒక గుడిసె ముందు ఆగాడు. లోపలి నుంచి ఒక అవ్వ ముంతెడు అంబలి తెచ్చిచ్చింది. ఒక్క గుక్క తాగి, "ఛీ! ఇది మనుషులు తాగేదేనా?" అని గుర్రం మీంచే నేలమీద పారబోసి, ముందుకు సాగాడు.

"ఓ రాకుమారా!" అని చెవి దగ్గర సన్నగా ఒక గొంతు వినబడింది. చూస్తే భుజం మీద చీమ! "నువ్వు పారబోసింది ఆ అవ్వ ఇంట్లో మిగిలిన ఆఖరి అంబలి. తాను తాగకుండా నీకు పోసింది" అంది.

మకరందుడి మొహం మాడిపోయింది. గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. తన సున్నుండల మూట అవ్వ ముందు పెట్టి, తలెత్తలేక నిలబడ్డాడు.

"పోనీలే నాయనా, ఎండనపడి వచ్చావు, సహించలేదేమో" అందావిడ.

తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. ఆ మాట గుండెలో ముల్లులా దిగబడిపోయింది.

చీమ బతిమాలితే గండభేరుండ పక్షి ఒకటి అతన్ని ఏడు సముద్రాలూ దాటించింది. చీమ కూడా అతని తలపాగాలో దూరి వెంట వచ్చింది. మాంత్రికుడి కోట నిండా రాతిబొమ్మలు. వాటిలో ఇద్దరు అన్నలూ ఉన్నారు. నోట్లో ముద్ద నోట్లోనే ఉంది!

"రా, రా! ముందు భోంచెయ్యి!" అన్నాడు ధూమ్రకుడు నవ్వుతూ. వాడు ఎత్తుకొచ్చిన సౌగంధి అనే రాకుమారి విస్తరేసి వడ్డించింది. ఏం తింటున్నామో చూడకుండా గబగబా మింగినవాళ్ళు రాళ్ళైపోయే మంత్రం ఆ విస్తరి మీద ఉంది. ఆ సంగతి మకరందుడికి తెలియదు. కానీ ముద్ద ఎత్తేసరికి అవ్వ మొహం గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది.

"ఇది ఎవరు వండారు?" అని అడిగి, మెల్లగా నమిలాడు.

"నేనే" అంది సౌగంధి.

రెండో ముద్ద ఎత్తి, "ఈ బియ్యం ఎవరు దంచారు?" అన్నాడు.

"నేనే."

మూడో ముద్ద ఎత్తి, "మరి నువ్వు తిన్నావా?" అన్నాడు.

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ కోటలో ఆ మాట అడిగినవాళ్ళే లేరు. వడ్డిస్తున్నట్టు వంగి, "చిలుక పంజరం దూలానికి వేలాడుతోంది. చిలుక అందులోంచి ఎగిరిపోతే వీడు చస్తాడు. పంజరం తలుపుకు పట్టుదారం కట్టి ఉంది. మనిషి చెయ్యి తగిలితే గంట మోగుతుంది" అంది గుసగుసగా.

మనిషి చెయ్యి తగిలితే కదా! తలపాగాలోంచి చీమ దిగి దూలమెక్కింది. అది దారం కొరుకుతున్నంతసేపూ మకరందుడు మెతుకు మెతుకూ చూసుకుంటూ తిన్నాడు. వీడు రాయి ఎప్పుడవుతాడా అని ధూమ్రకుడు ఎదురుచూసి, ఎదురుచూసి, ఆవులించాడు. ఇంతలో దారం తెగింది. చిలుక తుర్రుమని ఎగిరిపోయింది. దాంతో పాటే వాడి ప్రాణమూ ఎగిరిపోయింది!

రాళ్ళన్నీ మనుషులయ్యాయి. పొలాల్లో గింజలు పాలుపోసుకున్నాయి. సౌగంధి అతన్ని మెచ్చి, పెళ్ళాడతానంది.

"ముందు నేను చేసిన పని విను" అని అంబలి సంగతంతా చెప్పి, మకరందుడు తల దించుకున్నాడు. "నాబోటి వాణ్ణి చేసుకుంటావా?"

"దాచిపెట్టి ఉంటే చేసుకునేదాన్ని కాదు" అంది సౌగంధి.

పెళ్ళి వైభవంగా జరిగింది. అన్నలు తమ్ముడికే పట్టం కట్టమన్నారు. దంపతులిద్దరూ కుంతలగిరిని చాలాకాలం చల్లగా ఏలారు. రాజ్యంలో పస్తున్నవాళ్ళు లేరు. కానీ విన్నారా పిల్లలూ, మకరందుడి మనసులో ఆ సిగ్గు మాత్రం పూర్తిగా పోలేదట. పోగొట్టుకోవాలని ఆయన చూడనూ లేదట.