ముళ్లపంది మూడు తట్టలు

నాలో ఒక మంచి గుణం ఉంది పిల్లలూ. వయసు ఎవరడిగినా ఐదేళ్లు తగ్గించి చెబుతాను. లేకపోతే పాపం, వాళ్లు లేచి నాకు కుర్చీ ఇవ్వాలి. ఒకరిని శ్రమపెట్టడం నాకు ఇష్టముండదు.

ఇక కథ. అనగనగా అడవి అనగానే మీరు పులి కోసం వెతుకుతారు. ఈ అడవిలో పులి లేదు. ఏనుగులే పెద్దలు. వాటన్నిటికీ పెద్ద గజ్జాలమ్మ. ఆమె చూసుకునే రాతిగుహ పేరు ముసలికొట్టు.

ఏనుగుల దగ్గర దారులు చదును చేసే పనికి వెళ్లినవాళ్ల తరఫున, ఏటా ఒక తట్ట ఎండిన ఇప్పపువ్వు ఆ కొట్టులో పడేది. అలా పదేళ్లు నిండితే, కాళ్లు ఆడని కాలంలో రోజూ తిండి గుమ్మం దగ్గరికే వస్తుంది. బతికున్నంతకాలం వస్తుంది. పదికి ఒక్కటి తగ్గినా ఏమీ రాదు.

సూదమ్మ అనే ముళ్లపంది ఆ పని ఏడేళ్లు చేసింది. అక్క పాముకాటుతో పోతే, ఆమె పిల్లల్ని పెంచడానికి మానేసింది. మూడేళ్లకు పిల్లలు తమ బొరియలు తాము తవ్వుకున్నారు. అప్పుడే ఒకరోజు సూదమ్మ మోకాలు కలుక్కుమంది. తిన్నగా గజ్జాలమ్మ దగ్గరికి వెళ్లి, తనకేమైనా దారి ఉందా అని అడిగింది.

“పోయిన ఏళ్లను ఇప్పుడైనా నింపుకోవచ్చు,” అంది గజ్జాలమ్మ. “మూడేళ్లకు మూడు తట్టలు. ఈ తొలకరి పడేలోగా వేయాలి. నిన్నెవరూ అడగరు సూదమ్మా. నీకు ఇష్టమైతేనే.”

పక్కనే వగలయ్య అనే నక్క విన్నాడు. అతనూ ఆ పని తొమ్మిదేళ్లు చేసి మానేశాడు. ఒక్క తట్ట వేస్తే చాలు. కానీ ముసలికొట్టు ముందు కనబడితే ముసలివాడనుకుంటారని అతని బాధ. నెరిసిన మీసాలకు మసి పూసుకునే పెద్దమనిషి మరి.

సూదమ్మ మొదటి తట్ట వీపుకెత్తుకుంది. ముళ్లు పట్టుకోవడంతో తట్ట జారలేదు. దారిలో వగలయ్య నవ్వాడు.

“ఏం వదినా, అప్పుడే ముసలికొట్టుకా? నాకంటే చిన్నదానివనుకున్నానే.”

“చిన్నదాన్నే మరిదీ. అందుకే నడిచి వెళ్తున్నా.”

రెండో తట్టకూ అతను అక్కడే ఉన్నాడు. “ఇంతా మోసి, ఒక్క ముద్దయినా తినకుండానే పోతే?”

“పోతే నాకు ఆకలుండదు మరిదీ. ఉంటేనే కదా చిక్కు.”

మూడో తట్టకు చెట్ల కింద పువ్వు అయిపోయింది. ఆకాశం నల్లబడింది. ఇంట్లో ఒక్క తట్ట ఉంది, అది వానాకాలం తిండి. అది వేసేస్తే నాలుగు నెలలూ ఆ మోకాలితోనే బురదలో దుంపలు తవ్వుకోవాలి. ఈసారి వగలయ్య ఎగతాళి చేయలేదు. నిజంగానే జాలిపడ్డాడు. వేసిన తొమ్మిది తట్టలూ ఎలాగూ పోయాయి, దీన్నయినా కడుపు నిండా తినమన్నాడు.

సూదమ్మ తట్టను గుమ్మంలోకి లాక్కొచ్చింది.

“ఇది వేయకపోతేనే ఆ తొమ్మిదీ పోతాయి,” అని తట్ట ఎత్తుకుంది.

కుంటుతూ వెళ్లి గుహలో తట్ట దించింది. బయటికొచ్చేసరికి ముక్కు మీద తొలి చినుకు పడింది. ఆ వానాకాలమంతా సూదమ్మ చిక్కిపోయి, ఎవరివో ముళ్లు అరువు తెచ్చుకున్నట్టు కనబడింది. ఎవరూ మెచ్చుకోలేదు కూడా.

కొన్నేళ్లకు ఆ మోకాలు పూర్తిగా మొరాయించింది. మర్నాటి పొద్దున్నే ముసలికొట్టు నుంచి ఒక కొండముచ్చు దొప్ప నిండా తిండి తెచ్చి గుమ్మంలో పెట్టింది. ఆ ఏడే వగలయ్య నడుమూ పట్టేసింది. ఇప్పుడు ఒకటికి రెండు తట్టలు వేస్తానని గజ్జాలమ్మను బతిమాలాడు. నింపుకునే గడువు ఆ తొలకరితోనే తీరిపోయిందని ఆమె బాధగానే చెప్పింది. పాపం, అతను ఈడ్చుకుంటూ రోజూ వాగులో పీతల కోసం వెళ్లేవాడు.

సూదమ్మ భోగం చూడ్డానికి కుందేళ్లు కూడా చేరాయి. ఆమె ఒక పువ్వు నోట్లో వేసుకుని, తీరిగ్గా నమిలి, కొండముచ్చు వైపు చూసింది.

“ఇది సరిగ్గా ఎండలేదు నాయనా. రేపు కాస్త చూసి తీసుకురా.”

కుందేళ్లు బిక్కచచ్చిపోయాయి. కొండముచ్చు మాత్రం, “అలాగే అమ్మా,” అంది. మర్నాడు కరకరలాడే పువ్వే తెచ్చింది. దయతలచి పెట్టింది తినేవాళ్లు వంక పెట్టలేరు. సూదమ్మ తన పదేళ్లు తాను తింటోంది.

నీతి: ఎవరూ అడగకపోయినా, రేపటి కోసం మన వంతు కాళ్లు ఆడుతున్నప్పుడే వేసుకోవాలి. అలా వేసుకోవడం నాకు మాత్రం ఇంకా రాలేదు.