పెళ్ళికి మోగని డోలు

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోండి. మధ్యలో ఎవరైనా "అంతొద్దులే తాతా" అన్నారో, ఊరుకోను!

నెల్లూరు కాలేజీలో లోహిత్ అనే విద్యార్థి ఉండేవాడు. తన ఫోన్లో పడనిది లోకంలోనే లేదనుకునేవాడు. ఒక మాఘమాసంలో తన క్లాసువాళ్ళతో కలిసి మా ఊరి చెరువులోని పక్షుల రక్షిత కేంద్రం చూడటానికి వచ్చాడు.

మా ఊరికొక పద్ధతి ఉంది. నీళ్ళలోని చెట్ల మీద సంచిముక్కు గూడబాతులు పిల్లల్ని పెంచే కాలంలో ఊళ్ళో డప్పు మోగదు, టపాకాయ పేలదు. అవి మాకు పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలతో సమానం.

లోహిత్ వాళ్ళు వచ్చిన రోజే మా అన్న మనవరాలు చెంగమ్మ పెళ్ళి. మగపెళ్ళివాళ్ళు సూళ్ళూరుపేట నుంచి బ్యాండు మేళంతో దిగారు. నేను వీధికి అడ్డంగా నిలబడ్డాను. నన్ను చూసి వాళ్ళ ట్రాక్టరు దానంతటదే ఆగిపోయింది!

"మేళం లేకుండా పెళ్ళేమిటి పెద్దాయనా? మేమేమన్నా పరామర్శకు వచ్చామా?" అని పెళ్ళికొడుకు మేనమామ ఎగిరాడు.

"ఇంట్లో బాలింతలుంటే డోలు కొడతామా బాబాయ్?" అంది పందిట్లోంచి చెంగమ్మ.

మేళం ఆపమని ఆయనే సైగ చేశాడు. బ్యాండు మేస్త్రీ మస్తాన్ డోలుకు దుప్పటి చుట్టి చెరువుగట్టు మీద పెట్టాడు. గట్టిమేళం లేకుండానే తాళి కట్టించాం.

అక్షింతలు వేసి నేను గట్టు మీదికి వచ్చేసరికి లోహిత్ విసుక్కుంటున్నాడు.

"ఏంటి తాతా, బొమ్మల్లా కూర్చున్నాయి! అన్నీ ఒక్కసారి లేస్తే వీడియో అదిరిపోద్ది."

"పిల్లలకు నీడ పట్టి కూర్చున్నాయిరా! అవి లేస్తే పిల్లలు ఎండకు మాడతాయి. గద్దలు తన్నుకుపోతాయి."

"ఒక్క నిమిషమే కదా!"

నేనిటు తిరిగానో లేదో, ఫోన్ను రాయికి ఆనించి, దుప్పటి లాగేసి, డోలును దబదబా బాదాడు.

చెరువు చెరువంతా పైకి లేచినట్టయింది. రెక్కల చాటున సూర్యుడు కనపడలేదు. కంగారులో తల్లుల కాళ్ళు తగిలి గూళ్ళు ఒరిగాయి. పిల్లలు నీళ్ళలోకి రాలాయి. వెంటనే గద్దలు దిగాయి. ఎన్ననుకున్నారు? వంద! తలపాగా తిప్పి తొంభై తొమ్మిదింటిని తరిమాను. చెరువును ఒక్క ఈతలో గాలించి పడ్డ పిల్లలన్నిటినీ గట్టుకు చేర్చాను. ఇంత చేసినవాణ్ణి, వాటిలో ఊపిరి మాత్రం పోయలేకపోయాను. కదిలినవి కొన్నే.

చెంగమ్మ పెళ్ళి చీరతోనే పరుగెత్తుకొచ్చింది. జుట్టులో తలంబ్రాలు ఇంకా రాలుతున్నాయి. చల్లబడిన పిల్లనొకదాన్ని తీసి లోహిత్ చేతిలో పెట్టింది.

"నా తాళికి మోగని డోలు నీ వీడియోకి మోగాలా? చెప్పు!"

"సారీ అక్కా... తెలీక..."

"తెలీకా? తాత చెప్పాడుగా. విని మరీ కొట్టావు!"

"వీడియో తీసేస్తానక్కా, ఇప్పుడే తీసేస్తా."

"తీసెయ్. అది తీసేస్తే ఇది లేస్తుందా?"

వాడు భోరుమన్నాడు. ఆ ఏడుపుకు నేను కరగలేదు, ఇప్పటికీ కరగను! సాయంత్రం దాకా వాణ్ణి గట్టు మీదే నిలబెట్టాం. తల్లి పక్షులు ఒరిగిన గూళ్ళ మీద తిరుగుతూనే ఉన్నాయి. వాలదామంటే గూళ్ళలో పిల్లలు లేవు.

పిల్లలూ, చూడటానికి వెళ్ళినచోట ఉన్నది ఉన్నట్టు చూడాలి. మన సరదా కోసం ఒకరి గూడు కదిపితే, పోయిన ప్రాణం ఏ క్షమాపణకూ తిరిగిరాదు. ఇందులో ఒక్క అక్షరం అబద్ధమనిపించినా, వెళ్ళి అడగండి సూళ్ళూరుపేట బ్యాండు మస్తాన్‌ని!