తోడు మన్ను

"కువలయా! అమ్మా, కువలయా!"

పట్టుపందిరి కింద, పూలు చుట్టిన ఎత్తుపీట మీద నుంచి భూరివసు పిలిచాడు. అంతమంది జనంలో తన పేరు వినిపించేసరికి వెనక వరసలో కూర్చున్న పిల్ల ఉలిక్కిపడి లేచింది. గుమ్మం దగ్గర శిష్యుడొకడు అందరి పేర్లూ, ఇంట్లో ఉన్న సొమ్మూ అడిగి లోపలికి చేరవేస్తాడని ఆమెకు తెలియదు. తనను ఎవరో ఎన్నాళ్ల నుంచో ఎరిగి ఉన్నట్టనిపించి, ఏటి మీద వెన్నెల పడ్డట్టు ఆమె మనసంతా వెలుగైపోయింది.

అనగనగా అనుకునే కాలంలో, చంద్రకూల అనే ఏటి ఒడ్డున ఒక పట్నం ఉండేది. ఆ పట్నంలో పడవవాడి కూతురు ఈ కువలయ. తండ్రి కాలం చేశాడు. పడవ వరదలో పోయింది. మిగిలింది మేనత్త నాగమాంబ, ఆ అత్త మెడలో కాసులపేరు. ఆ పేరు అమ్మి కాస్త నేల కొనాలి. గుడిసె వేసుకుని చుట్టూ మల్లెలు పెంచాలి. పూలమ్ముకుని బతకాలి. కొన్న నేల పనికిరానిదైతే మళ్లీ కొనడానికి ఇంటిలో ఇంకేమీ లేదు.

అందుకే వాళ్లకు నేల కొనే విద్య చెప్పే గురువు కావలసి వచ్చాడు.

"నేల మనిషిని చూసి నవ్వుతుంది. ఆ నవ్వు గుర్తుపట్టడం నేను నేర్పుతాను," అన్నాడు భూరివసు. పక్కనే పంజరంలో చిలుక, "కొనండి, కొనండి, రేపటికి ఉండదు," అంది. "మీ కాసులపేరులో సగం దక్షిణగా ఇవ్వు తల్లీ. మిగతా సగంతో ఏటి ఒడ్డంతా నీచేత కొనిపిస్తాను."

కువలయ పరుగున ఇంటికి వచ్చింది.

"అత్తా, ఆయన నన్ను పేరు పెట్టి పిలిచాడు."

"నేనూ రోజూ పేరు పెట్టే పిలుస్తున్నాను కదే. నాకు ఒక్క కాసయినా ఇచ్చావా?" అంది నాగమాంబ. "పోయి తోడు మన్ను అడుగు."

ఆ పట్నంలో పూర్వం ఒక ఆచారం ఉండేది. నేల కొనమని సలహా చెప్పినవాడు తన సొంత పొలం నుంచి పిడికెడు మన్ను తెచ్చి, ఆ పొలం పేరు పైకి చెప్పి, కొత్త నేలలో కలపాలి. పాలలో కాస్త పాత మజ్జిగ వేసినట్టు. ఈ మధ్య అందరూ దాన్ని ముసలమ్మల మాట అని వదిలేశారు.

కువలయ వెళ్లి అడిగితే భూరివసు నవ్వి, మర్నాడు వెండి భరిణెలో గంధపు వాసన వచ్చే మన్ను పంపాడు. కువలయ దాన్ని కిటికీలో పెట్టుకుని మురిసిపోయింది.

"ఒక్కణ్ణే చూసి తల ఊపకు. ఇంకో ఇద్దర్ని చూడు," అంది అత్త.

రెండో గురువు ధరణిపాలుడు. దక్షిణ అక్కర్లేదన్నాడు. తూర్పున నేల ఎలా ఉంటుందని అడిగితే తన మెరకపొలం పక్కదాకా తీసుకెళ్లాడు. నీళ్లెక్కడ పడతాయని అడిగితే తన మెరకపొలంలోనే అన్నాడు. పిడికెడు అడిగితే గంపెడు మన్ను తెచ్చాడు.

"ఇది ఏ నేలదండీ?"

"నువ్వు కొనబోయేదే."

"ఎవరిదండీ?"

"ఇప్పటికి నాదే."

నాగమాంబ ఆ గంప చూసి, "పాలవాడే తోడు కూడా పోస్తాడట," అని ఊరుకుంది.

మూడో మనిషి ఏటికి అవతల తోటలున్న వెంగమాంబ. ఆమె దగ్గర పందిరి లేదు, చిలుక లేదు.

"ఏమే కుముదా, ఏం కావాలి?"

"కువలయనండి."

"ఏదోలే. చెప్పులు విప్పి రా."

ఎండలో తోటంతా తిప్పి, ఆమె రెండు పిడికిళ్లు తెచ్చింది. ఒకదానిలో నల్లమన్ను. ఇంకొకదానిలో బూడిదలాంటి తెల్లమన్ను.

"ఇది నిమ్మతోటది. ఇది చౌటిచేనుది. వెన్నెల్లో తెల్లగా మెరుస్తుంటే చూసి మనసుపడి కొన్నాను. మెరిసింది ఉప్పని తరవాత తెలిసింది. ఈనాటికీ దాంట్లో గడ్డి మొలవలేదు. నాలుక మీద వేసుకుని చూడు."

కువలయ చూసింది. నోరంతా ఉప్పగా అయిపోయింది.

"రెండూ ఎందుకండీ?"

"ఒకటే ఇస్తే నేను తెలివైనదాన్నని నమ్ముతావు. ఏ నేలనైనా వానలో ఒకసారి, వేసవిలో ఒకసారి చూడకుండా కొనకు. పో కుముదా."

కువలయ దిగులుగా ఇంటికి వచ్చింది. ఆ మాటల్లో పూలు లేవు. కలలు లేవు. కానీ కిటికీలో వెండి భరిణె వైపు చూస్తే, తాను మురిపెంగా రోజూ చల్లిన నీళ్ల తడికి అందులో సన్నటి మొలకలు వచ్చి ఉన్నాయి. ఒకటి నలిపి వాసన చూసింది. తులసి. ఇంకొకటీ తులసే. అన్నీ తులసే.

"పొలం మన్నైతే గరిక మొలుస్తుంది, తుంగ మొలుస్తుంది," అంది నాగమాంబ మెల్లగా. "ఇది ఎవరింటి తులసికోటలోదో."

కువలయ తెల్లవారి ఏరు దాటి వెంగమాంబ దగ్గరికే వెళ్లింది.

వానలు వెళ్లాయి, వేసవి వెళ్లింది. ఆమె వెనకే నడుస్తూ కువలయ ఎన్నో నేలలు తొక్కి చూసింది. కొన్నిటిని ఇష్టపడి కూడా వదులుకుంది. చివరికి ఏటి మలుపులో ఒక చిన్న నేలచెక్క కొన్నది.

మన్ను కలిపే రోజున జనం చేరారు. భూరివసు కూడా శిష్యులతో, చిలుకతో వచ్చాడు. "ఈ పిల్ల మొదట నా శిష్యురాలే," అని అందరికీ చెబుతున్నాడు.

వెంగమాంబ వంగి, "నిమ్మతోట మన్ను. చౌటిచేను మన్ను. రెండూ నావే," అని కలిపింది.

కువలయ వెండి భరిణె తెచ్చి భూరివసు చేతిలో పెట్టింది. ఆమె గొంతులో కోపం లేదు.

"మీరే కదండీ మొదట నన్ను పేరు పెట్టి పిలిచింది. మీ పొలం పేరు చెప్పి కలపండి."

చిలుక, "కొనండి, కొనండి," అంది. భూరివసు పంజరం మీద తన ఉత్తరీయం కప్పాడు. భరిణెలో పెరిగిన తులసి వంక చూశాడు. శిష్యులు ఎదురుచూస్తున్నారు. ఆయన మెల్లగా పాదరక్షలు విప్పి, ఆ తడిమన్నులో కాలు పెట్టాడు. కొత్త చోట అడుగు వేసిన పసివాడిలా నిలబడ్డాడు.

"నాకు పొలం లేదమ్మా," అన్నాడు, అందరికీ వినబడేలా. "ఇది నేను అద్దెకుంటున్న ఇంటి తులసికోటలో మన్ను. నేను ఎన్నడూ జానెడు నేల కొనలేదు. కొనాలంటే నాకు భయం. నేను నడవని దారికి మీ అందరినీ పంపాను. దారి అడిగితే, నడిచి, పడి, ఆ పడిన చోటు కూడా చూపించేవాళ్లనే అడగండి."