గోల్ఫ్ బంతి ముందు నిలబడ్డ గవరయ్య

తమ ఇంట్లో ఉన్నంత తెలివి చుట్టుపక్కల ఏ ఇంట్లోనూ లేదని సూరమ్మకీ, ఆమె ముగ్గురు కొడుకులకీ గట్టి నమ్మకం. "మాకు ఒక్కసారి చెబితే చాలు, చెప్పింది చెప్పినట్టు చేసేస్తాం" అనేవాళ్ళు. చిక్కంతా అక్కడే.

చిన్నవాడు గవరయ్య పైడితల్లిని ప్రేమించాడు. ఆ పిల్ల తండ్రి సన్నాసి, కొండ కింద గోల్ఫ్ మైదానంలో గడ్డి పని చూసే మేస్త్రీ. పైడితల్లి నవ్వితే అప్పుడే నీళ్ళు పోసిన పచ్చికలా ఉండేది. సన్నాసి మాత్రం నవ్వలేదు.

"మా మైదానం పండగనాడు బంతి కొట్టి మధ్యనున్న ఆ కాలవ దాటించు. దాటిందా, పిల్లనిస్తాను. లేదా, అనకాపల్లి సంబంధం ఖాయం చేసేస్తాను" అన్నాడు.

పైడితల్లికీ గవరయ్యంటే ఇష్టమే. ఆట నేర్పేవాళ్ళ మాటలు వింటూ పెరిగింది గనక తనే నేర్పుతానంది. "బలంతో పన్లేదు బావా, ముందు నిలబడ్డం కుదరాలి. కాళ్ళ మధ్య భుజాలంత ఎడం ఉంచు."

అంతే, ఇంటికెళ్ళి తాడు తీసి గవరయ్య భుజాలు కొలిచారు.

"ఒరే, పెళ్ళి ఇంట్లో అందరిదీ కదా! నీ భుజాలొక్కటే కొలిస్తే అన్నలు చిన్నబుచ్చుకోరూ?" అంది సూరమ్మ.

న్యాయమే. ముగ్గురి భుజాలూ కలిపి కొలిచి, గవరయ్య కాళ్ళు అంత ఎడంగా లాగారు. ఇంకేముంది, పంచె చిరిగింది. వాడు లేవలేకపోయాడు. ఆ పూటకి అలాగే అన్నం తినిపించారు.

పైడితల్లి తల పట్టుకుంది. "పోనీ, పట్టు నేర్చుకో. కోడిపిల్లని పట్టుకున్నట్టు ఈ బంతి కొట్టే కర్రని పట్టుకోవాలి. నలగకూడదు, జారిపోకూడదు."

అంతే, కర్రని తీసుకెళ్ళి గంప కింద మూశారు. నూకలు చల్లారు. కర్ర తినలేదు.

"కొత్త చోటు కదా, బెంగ పెట్టుకుంది" అన్నాడు నడిపోడు ఎర్రయ్య.

తల్లి ఉంటే తింటుందని కోడిపెట్టని తెచ్చి పక్కన పెట్టారు. పెట్ట కర్రని పొడిచింది. కన్నబిడ్డనే పొడిచిందని పెట్టని కూరొండేశారు.

పైడితల్లి మళ్ళీ ఓపిక తెచ్చుకుంది. "బంతికీ నీకూ వరస కుదరాలి బావా. రైలు పట్టాలున్నాయనుకో. ఒక పట్టా మీద బంతి, రెండోదాని మీద నీ కాళ్ళు."

అంతే, నలుగురూ స్టేషన్ దారి పట్టారు. ఒక పట్టా మీద బంతి పెట్టి, రెండోదాని మీద గవరయ్య నిలబడ్డాడు. వరస చక్కగా కుదిరింది. ఇంతలో గూడ్సు బండి వచ్చి, కూత మీద కూత వేసి ఆగింది. డ్రైవరు దిగి, "ఏం పనిది!" అని అరిచాడు.

"పెళ్ళి పని బాబూ" అంది సూరమ్మ. "పిల్లాడు ఇప్పుడే కుదురుకున్నాడు. తమరు పక్కనించి పోండి."

గేటుమాన్ కర్ర పట్టుకుని తరిమాడు. "ఆయన పట్టు బాలేదమ్మా, కోడిపిల్లయితే చచ్చేది" అన్నాడు గవరయ్య, పరిగెడుతూ.

పండగ రోజు రానే వచ్చింది. అనకాపల్లి వాళ్ళూ వచ్చి ముందు కుర్చీల్లో కూచున్నారు. పైడితల్లి ఇక మాటల్ని నమ్మలేదు. తన చేతుల్తోనే గవరయ్య కాళ్ళు సర్ది, వేళ్ళు కర్ర మీద అమర్చి, నడుం వంచి, బంతిని సరైన చోటికి జరిపింది. చెవిలో ఒకే ముక్క చెప్పింది: "నేను చెప్పేదాకా తలెత్తకు."

గవరయ్య కొట్టాడు. బంతి తెల్లకొంగలా లేచి, కాలవ దాటి, అవతలి గడ్డిలో మెత్తగా వాలింది. ఒకటే ఈలలు. పైడితల్లి సిగ్గు ముంచుకొచ్చి ఇంటికి పరిగెత్తింది. చెప్పడం మరిచిపోయింది.

ఇంకేముంది, గవరయ్య తలెత్తలేదు. దించిన తలతోనే ఇల్లు చేరాడు, దించిన తలతోనే పడుకున్నాడు. "ఎంత వినయం!" అని సన్నాసి మురిసిపోయి ముహూర్తం పెట్టించాడు.

పెళ్ళిలో అడ్డుతెర పట్టారు. పెళ్ళికూతురు నోరెత్తకూడదని అమ్మలక్కలు, తలెత్తమని చెప్పబోయిన పైడితల్లిని కసిరి కూచోబెట్టారు. తెర దించారు. మేళం జోరందుకుంది. గవరయ్య తాళి పట్టుకుని పీటకేసే చూస్తున్నాడు.

"అల్లుడూ, ఇప్పుడైనా తలెత్తి పిల్లని చూడవయ్యా" అంటూ సన్నాసి వాడి ముందుకి వంగాడు.

అంతే, ఎదురుగా వచ్చిన మెడకి గవరయ్య చకచకా మూడు ముళ్ళూ వేసేశాడు.

అన్నలిద్దరూ అక్షింతలు చల్లారు. సూరమ్మ ముందుకొచ్చి సన్నాసి బుగ్గలు నిమిరి, మెటికలు విరిచింది.

"మీసాలుంటే ఉన్నాయి గానీ, నా కోడలు ఎంత ఒద్దిగ్గా వంగిందో చూడండర్రా!" అంది.