ఊ కొట్టిన దిష్టిబొమ్మ

నల్లరేగడి చేల నడుమ ఉన్న ఒక పల్లెలో ఓబుళమ్మ అనే ఇల్లాలు ఉండేది. రెక్కలు ముక్కలు చేసుకునే మనిషే గానీ, ఒకరు చెబితే వినని మొండిఘటం.

"పసిబిడ్డకు ఏం కావాలంట? కడుపు నిండా పాలు, ఒంటి కింద పొడిబట్ట. ఏడ్చినప్పుడల్లా ఎత్తుకుంటే చంక మరిగి ఇక దిగడు," అనేది. పక్కచేను ఈరమ్మవ్వ ఆ మాట విని బుగ్గలు నొక్కుకునేది.

ఓబుళమ్మ కొడుకు మద్దిలేటి ఇంకా బోర్లా పడటం కూడా రాని చంటివాడు. అప్పుడు జొన్న పాలకంకి మీద ఉంది. పిచ్చుకలు మందలుగా వాలుతున్నాయి. మొగుడు సుంకన్న గొర్రెలు తోలుకుని కొండ అవతలికి పోయాడు. ఓబుళమ్మ తన పాతచీర సగానికి చించి, గట్టు మీది వేపకొమ్మకు ఉయ్యాల కట్టి, బిడ్డను అందులో వేసి, తాను మంచె ఎక్కి ఒడిసెల తిప్పి పిట్టల మీదికి రాళ్లు విసిరేది. తమాషా ఏమిటంటే, ఎంత దూరాన పిచ్చుక కిచకిచమన్నా "హోయ్" అని చేను దద్దరిల్లేలా కేక పెట్టేది. కొడుకు ఉయ్యాల్లోంచి "ఊ" అంటే మాత్రం తలైనా తిప్పేది కాదు. పిట్టకున్న మర్యాద బిడ్డకు లేకపోయింది.

పాపం వాడు "ఊ, ఊ" అని పిలిచి పిలిచి, చివరికి గుక్కపట్టి ఏడ్చేవాడు. ఆ ఏడుపుకు ఓబుళమ్మ ఒడిసెల గురి తప్పేది. దానికో ఉపాయం ఆలోచించింది. మిగిలిన సగం చీరను కొన్నాళ్లు తన ఒంటికి చుట్టుకుని, పాలవాసన బాగా పట్టాక చేలోని దిష్టిబొమ్మకు కట్టింది. బొమ్మను పెరికి తెచ్చి ఉయ్యాలకు నాలుగడుగుల్లో, చేనివైపు మొహం పెట్టి పాతింది. బొమ్మ తలకు కుండ బోర్లించి ఉంది. సున్నంతో కళ్లు పెట్టారు గానీ నోరు పెట్టలేదు.

"చీర చూసి అమ్మే నిలబడిందనుకుంటాడులే. అటు పిట్టలూ రావు, ఇటు వీడూ ఏడవడు," అని మురిసిపోయింది.

నిజంగానే ఏడుపు ఆగిపోయింది. రోజంతా ఉయ్యాల్లోంచి చప్పుడే లేదు.

"పిల్లోడు ఎంత బుద్ధిమంతుడైనాడో చూడవ్వా," అంది ఓబుళమ్మ.

ఈరమ్మవ్వ నవ్వలేదు. "బుద్ధి కాదమ్మీ. ఎవరో ఒకరు వస్తారనే బిడ్డ ఏడుస్తాడు. వీడు ఏడవడం లేదంటే, ఎవరూ రారని ఆశన్నా వదులుకుని ఉండాల, లేదా ఎవరో ఒకరన్నా వస్తుండాల."

"నీ చాదస్తం నువ్వూనూ," అని ఓబుళమ్మ మంచె ఎక్కేసింది.

మర్నాడు పొద్దున వచ్చేసరికి బొమ్మ ఉయ్యాల వైపు తిరిగి ఉంది. గాలికి తిరిగిందేమో అనుకుని మళ్లీ చేనివైపు తిప్పి, దాని మొదలు చుట్టూ రాళ్లు కూరి బిగించింది. మధ్యాహ్నానికి అది మళ్లీ ఉయ్యాల వైపే తిరిగింది. రాళ్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఓబుళమ్మ వాటిని తడిమి చూసింది. అయినా పిట్టలు వాలుతున్నాయని మంచె మీదికే పోయింది.

ఆకు కదలని ఎండ. ఉయ్యాల్లోంచి "ఊ" అని వినిపించింది. చంటివాడు ఆగాడు, జవాబు కోసం మనిషి ఆగినట్టు. బొమ్మ లోపలి గడ్డి గరగరమంది. వాడు కిలకిల నవ్వి మళ్లీ "ఊ" అన్నాడు. గడ్డి మళ్లీ గరగరమంది. ఉయ్యాల తనంతట తానే మెల్లగా ఊగుతోంది.

ఓబుళమ్మ ఒక్క ఉరుకున మంచె దిగి బిడ్డను ఎత్తుకుంది. వాడు కర్రలా బిగుసుకుపోయాడు. రొమ్ము ఇస్తే మొహం తిప్పుకున్నాడు. ఆమె భుజం మీదుగా బొమ్మకు చేతులు చాచి, తల్లిని ఎవరో లాక్కుపోతున్నట్టు ఏడ్చాడు. ఆమె బొమ్మ వైపు చూసింది. అంత ఎండలోనూ దాని పైట దగ్గర చీర తడిగా ఉంది. పాలవాసన వేసింది.

ఆనాటి నుంచి బిడ్డ ఆమె పాలు ముట్టలేదు. ఈరమ్మవ్వ మేకపాలు దూదితో పిండితే ఏవో నాలుగు చుక్కలు మింగేవాడు. బుగ్గలు పీక్కుపోయాయి. బిడ్డ దక్కడేమోనని భయపడ్డ ఓబుళమ్మ బొమ్మను నరికేస్తానని గొడ్డలి తీసింది.

ఈరమ్మవ్వ చెయ్యి పట్టుకుంది. "ఆగమ్మీ. వాడు పిలిస్తే పలికింది అదే. ఇప్పుడు నరికితే వాడికి తల్లి చచ్చినట్టే. ముందు నువ్వు పలుకు. నిన్ను నమ్మినాక చూద్దాం."

"చేను ఏమైపోవాల అవ్వా?"

"చేను మళ్లీ వేసుకోవచ్చు."

ఓబుళమ్మ గొడ్డలీ ఒడిసెలా గట్టు మీద పారేసి, బిడ్డను ఒళ్లో పెట్టుకుని బొమ్మ కాళ్ల దగ్గర చతికిలబడింది. వాడు "ఊ" అన్నాడు, బొమ్మతోనే. ఓబుళమ్మ "ఊ" అంది. వాడు ఆమెను చూడనైనా లేదు. అన్నిసార్లూ గడ్డే ముందు పలికేది. ఆమె సిగ్గుతో, భయంతో ఏడుస్తూనే పలికింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పిచ్చుకలు చేనంతా వాలి కంకులు ఖాళీ చేస్తున్నా ఆమె తల తిప్పలేదు.

ఒక సాయంత్రం వాడు "ఊ" అన్నాడు. ఓబుళమ్మ పలికింది. ఈసారి గడ్డి ఊరుకుంది. చంటివాడు మెల్లగా కళ్లు తిప్పి, కొత్తమనిషిని చూసినట్టు ఆమె మొహంలోకి చూశాడు. మళ్లీ "ఊ" అన్నాడు.

"ఊ నాయనా, ఉన్నాను. ఇక్కడే ఉన్నాను," అంది ఓబుళమ్మ. వాడు ఆమె పైట గుప్పిట పట్టుకుని ఆబగా పాలు తాగాడు.

వెనక ఏదో జారిన చప్పుడైంది. తిరిగి చూస్తే బొమ్మ భుజం మీది చీర నేల మీద పడి ఉంది. బార్లా చాపి కట్టిన దాని కర్ర చేతులు రెండూ ముందుకు వంగి, బిడ్డను ఎత్తుకున్నట్టు ఉన్నాయి. వాటిలో ఏమీ లేదు. ఓబుళమ్మకు భయం కంటే జాలే ఎక్కువ వేసింది. ఆ చీరను మళ్లీ బొమ్మ భుజాన కప్పి, బిడ్డతో మాట్లాడుకుంటూ ఇంటిదారి పట్టింది.

ఆ ఏడు వాళ్లింట్లో జొన్న గింజ లేదు, అయినా ఆమె ఎవరి దగ్గరా వాపోలేదు.

నీతి: పాలతో బిడ్డ కడుపే నిండుతుంది, మనసు మాత్రం తాను పిలిచిన ప్రతిసారీ ఎవరు పలికితే వాళ్లదే అవుతుంది.